కమ్యూనిటీ హాలుకు కుర్చీలు

మేం ప్రార్థన చేసుకునే గది ముందుగోడ మీద నీలం రంగుతో ‘సమాజ మందిరం’ అని రాసి ఉంటుంది. రాసింది మా పెదనాన్న. పెయింటర్‌ని పిలిస్తే అక్షరాల చుట్టూ తామరపూలు వేస్తాడని భయపడి తనే నిచ్చెన ఎక్కాడు. చివరికొచ్చేసరికి గోడ చాలక సున్నా కిటికీ రెక్క మీద పడింది. కిటికీ మూసి ఉంటే ‘మందిరం’, తెరిస్తే ‘మందిర’. నేను వెళ్లినప్పుడల్లా ముందు ఆ కిటికీ మూస్తాను. ఇంగ్లీషు టీచర్ని, తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

మేం యూదులం. పల్నాట్లో యూదులేంటని నవ్వేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి మీరు నవ్వినా నాకు కోపం రాదు. నరసరావుపేట నుంచి ఆటోలో ముప్పావుగంట పోతే మా ఊరు. అందులో మా వాళ్లవి పది పన్నెండు ఇళ్లు. అందరూ మిరప చేలకు, పత్తి చేలకు కూలికి పోయేవాళ్లే. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా మాకు విశ్రాంతి దినం, అందుకే ఊళ్లో మమ్మల్ని ‘శనివారం చర్చోళ్లు’ అంటారు. చర్చి కాదని చెప్పీ చెప్పీ పెదనాన్న నోరు నొప్పి పుట్టింది. మేం ఎప్పటినుంచి యూదులమని అడిగితే ఆయన ఒక కథ చెబుతాడు, ఆయన తమ్ముడైన మా నాన్న ఇంకో కథ చెప్పేవాడు. నాకు తెలిసింది ఒకటే. మిరపకోతల రోజుల్లో కూడా మా అమ్మ శుక్రవారం పొద్దుగూకకముందే చేను దిగి వచ్చి, వేళ్లు భగ్గుమని మండుతుంటే చల్లనీళ్లలో ముంచుకుని, రెండు దీపాలు వెలిగించేది. ఆ వేళ్లతో కళ్లు కప్పుకుని ప్రార్థన చేసేది. ఘాటుకు కళ్లమ్మట నీళ్లు కారేవి. ప్రార్థనంటే ఏడుస్తూ చేసేదేమో అని నేనూ మా చెల్లీ చాలాకాలం అనుకున్నాం.

పెదనాన్న కుర్రతనంలో బొంబాయి కూలిపనికి వెళ్లి, అక్కడ ఒక యూదుల ప్రార్థనాలయం దగ్గర కొన్నేళ్లు కాపలా ఉన్నాడు. అక్కడున్న ముసలాయన ఒకరు ఆయనకు హీబ్రూ అక్షరాలు నేర్పి, అట్ట ఊడిన ప్రార్థన పుస్తకం ఒకటి ఇచ్చి పంపాడు. కుడి నుంచి ఎడమకు సాగే ఆ అక్షరాలు గడగడా చదవగలిగినవాడు ఇప్పటికీ మా మొత్తానికి ఆయనొక్కడే. అర్థం సగం తెలుసు, సగం తెలియదు. తెలియని సగాన్నే ఇంకా భక్తిగా చదువుతాడు.

ఆ కళ్లకు నీటికాసులు వచ్చాయి. పేటలో కళ్ల డాక్టరు పరీక్షచేసి, పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని చెప్పాడు. ఆ జబ్బు చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. పెదనాన్నకు పేజీ మధ్య కనబడుతుంది, చివర్లు కనబడవు. చదువుతూ చదువుతూ ఒక్కోసారి వరస తప్పి పక్క పేజీలోకి వెళ్లిపోతాడు. మేమందరం ఆయన వెనకాలే ఆమెన్ అంటూ పోతాం.

మా చెల్లి పోయాక దాని కూతురు నా దగ్గరే పేటలో ఉండి డిగ్రీ చదివింది. తర్వాత బీఈడీ చేసి నాలాగే టీచరవ్వాలని దాని ఆశ. శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఆటో ఎక్కి ఊరెళ్తాం. శనివారం నేను బడికి వచ్చేస్తాను, బడికి విశ్రాంతి దినం ఆదివారం కదా. అది మాత్రం తాతయ్య దగ్గరే ఉండిపోయి అక్షరాలు దిద్దుకుంటుంది. కూడబలుక్కుని చదవడం వచ్చింది. అంతకు మించి నేర్పడానికి ఆయన దగ్గర కళ్లూ లేవు, పాఠమూ లేదు.

అలాంటప్పుడు, ఎప్పుడో మా గది చూసిపోయిన ఒకాయన నా ఫోనుకు ఒక స్కాలర్‌షిప్ నోటీసు పంపాడు. విదేశంలో ఒక సంస్థ. మాలాంటి చిన్న చిన్న యూదు సమాజాల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి, ఒక సంవత్సరం పాటు భాష, ప్రార్థనలు, పండుగల పద్ధతులు నేర్పి, మళ్లీ సొంత ఊరికే పంపుతారు. వచ్చి వాళ్లు తమ పిల్లలకు చెప్పాలి. చదువుతుంటే మా ఇంటి సంగతి ఎవరో వాళ్ల చెవిన వేశారా అనిపించింది.

పెదనాన్నకు చదివి వినిపించాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఏడాదే గదా అమ్మాయ్?”

“ఏడాదే పెదనాన్నా.”

“అయితే పంపియ్. ఒక ఏడాదికి నా కళ్లు ఆగుతయ్‌లే.”

ఫారం నేనే నింపాను. చాలా గర్వంగా నింపాను. మండలంలో ఎవరు ఇంగ్లీషులో అర్జీ రాసుకోవాలన్నా నా దగ్గరికే వస్తారు. అమ్మాయి రాస్తానంటే కూడా, తప్పులు పోతాయి నువ్వుండమని కసిరి, జతచేయాల్సిన ఉత్తరం ఒక్కటే దాని చేత రాయించాను. అందులో ఒకచోట, మీరు ఎక్కడ ప్రార్థన చేస్తారు, ఆ స్థలం పేరేమిటి, రుజువు జతచేయండి అని ఉంది. మా గదికి ఉన్న రుజువల్లా కరెంటు బిల్లు. మీటరు పెట్టేటప్పుడు లైన్‌మన్ ఏం బిల్డింగని అడిగితే పెదనాన్న సమాజ మందిరమన్నాడు. “కమ్యూనిటీ హాలా, సరే” అని అతను రాసుకుపోయాడు. అప్పటినుంచీ బిల్లు అలాగే వస్తోంది. సమాజమంటే కమ్యూనిటీ, మందిరమంటే హాలు. నేను కూడా ఫారంలో శుభ్రంగా కమ్యూనిటీ హాల్ అని రాసి, బిల్లుతో పోల్చి చూసుకుని, సరిపోయిందని మురిసిపోయాను.

యూదుల ప్రార్థనాలయాన్ని ఇంగ్లీషులో సినగాగ్ అంటారని నాకు తెలియక కాదు. తెలుసు. కానీ ఆ మాట పెద్ద పెద్ద స్తంభాలూ రంగుటద్దాలూ ఉండే కట్టడాలదని నా మనసులో ఉంది. నాపరాళ్ల గోడలు, పైన రేకులు, వానొస్తే పక్కవాళ్ల మాట వినబడని గది మాది. దానికి అంత మాట తగిలిస్తే గొప్పలు పోయినట్టుంటుందని సిగ్గుపడ్డాను. సిగ్గుపడాల్సిన చోట గర్వపడి, గర్వపడాల్సిన చోట సిగ్గుపడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఆ సంస్థలో దరఖాస్తులు చూసే ఒకావిడ రాసింది. అమ్మాయి రాసిన ఉత్తరం బాగుందట. కానీ ఈ స్కాలర్‌షిప్ సినగాగ్ సభ్యులకేనట, కమ్యూనిటీ హాలు వాళ్లు దీని కిందికి రారట. అందుకని మా కాగితాలను కమ్యూనిటీ హాళ్లకు సాయం చేసే వేరే విభాగానికి పంపిస్తున్నారట. చదివి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు పిల్లల నోట్‌బుక్కుల్లో ఎర్రసిరా పోసినదాన్ని, నా తప్పు కింద గీత గీసి పంపింది ఆవిడ.

పెదనాన్న విని చాలాసేపు నవ్వాడు. “అంటే ఇన్నేళ్లబట్టి మనం హాల్లో ప్రార్థన చేస్తన్నామంటనా?”

ఆ సాయంత్రమే రెండు పేజీల క్షమాపణ రాశాను. సమాజ మందిరమంటే మా భాషలో సినగాగేనని, తర్జుమా నాదని, తప్పు నాదని, అమ్మాయిది కాదని. ఆవిడ మంచిది. నమ్మింది. ఆ గది చూడాలని, అక్కడి నుంచే అమ్మాయితో వీడియోలో మాట్లాడతానని కబురు పెట్టింది.

ఒక మధ్యాహ్నం గది కడిగి, చాపలు పరిచి, ఫోనును కిటికీ చువ్వలకు ఆనించాం. అమ్మాయి తల మీద చున్నీ వేసుకుని కూర్చుంది. పక్కన పెదనాన్న, ఆయన ముందు పీట, పీట మీద పుస్తకం. ఫోను జారకుండా పట్టుకునే వంకన నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆవిడ చాలా అడిగింది. చివరికి, నేర్చుకుని ఇక్కడికే తిరిగొస్తావని ఎలా నమ్మమంటావని అడిగింది.

అమ్మాయి తన ఇంగ్లీషులో చెప్పింది. మా తాతయ్యకు అంచులు కనబడవు. చదువుతూ పక్క పేజీలోకి వెళ్లిపోతున్నాడు. అలా వెళ్లాడని చెప్పగలిగినవాళ్లు ఈ గదిలో ఒక్కరు కూడా లేరు. ఆ తప్పు నాకు తెలియాలి, అంతే. ఆ ఇంగ్లీషులో నేను దిద్దే తప్పులు రెండున్నాయి. దిద్దలేదు. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుంది. వారం తిరక్కుండా, అమ్మాయిని ఎంపిక చేశామని, రెండు కాగితాలు పంపితే చాలని రాసింది.

ఆ రెండు కాగితాల దగ్గరే మా బండి ఆగిపోయింది.

మొదటిది, అమ్మాయి మతం ఏమిటో చెప్పే ప్రభుత్వ కాగితం. రెండోది, యూదుల్లో మతం తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి, తల్లి లేదు కాబట్టి, తల్లి తోబుట్టువు ఒకరు తామిద్దరూ పుట్టుకతో యూదులమేనని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేసి, నోటరీ వేయించి, తన ప్రభుత్వ కాగితం కూడా జతచేసి పంపాలి. మా చెల్లికి తోబుట్టువంటే నేనే. పెదనాన్న నేను పెడతా సంతకమన్నాడు గానీ, ఆయన మా నాన్న వైపు మనిషి. పనికిరాదు.

మా అందరి కాగితాల్లోనూ మతం దగ్గర హిందూ అని ఉంటుంది. నన్ను బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరు కులం అడిగాడు, నాన్న చెప్పాడు. మతం ఎవరూ అడగలేదు, ఆయనే రాసేసుకున్నాడు. అక్కణ్నుంచి అదే నాతో నడిచొచ్చింది. ఆ ఎస్సీ సర్టిఫికెట్‌తోనే చదువుకున్నాను, దాంతోనే ఉద్యోగంలో చేరాను. అబద్ధం చెబుతున్నానని ఏనాడూ అనిపించలేదు, ఎందుకంటే మేం ఏ దేవుడికి మొక్కినా ఊళ్లో మా ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి. దీపాలు పెట్టుకుని శనివారం పని మానేసినంత మాత్రాన మమ్మల్ని ఎవరూ ఇంకో బజారులోకి రానిచ్చింది లేదు.

అమ్మాయిని తీసుకుని తాసీల్దారు ఆఫీసుకు వెళ్లాను. సర్టిఫికెట్లు చూసే గుమాస్తా ఒకప్పుడు నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాడే. లేచి కుర్చీ ఇచ్చాడు. అంతా విని గొంతు తగ్గించాడు.

“మార్చమంటే మారుస్తాం మేడం. కాకపోతే మతం కాడ యూదు అని పడితే ఇంక ఎస్సీ ఉండదు. అమ్మాయి బీఈడీ ఫీజు పోద్ది, రేపు టీచరు పోస్టుకు రిజర్వేషన్ పోద్ది. ఏడాది చదువు కోసం ఎందుకు మేడం ఇదంతా?”

“వేరే దారేమన్నా ఉందా నాయనా?”

“నాకు తెలిసి లేదు మేడం. ఉంటే మీకు చెప్పనా?”

నిజమే, ఉంటే చెప్పేవాడే. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఎదురుగా ఒక దుర్మార్గుడున్నా బాగుండేది, పోట్లాడి వచ్చేదాన్ని. నాకు నోరుంది. ఆ నోటిని వాడటానికి ఎక్కడా మనిషి దొరకలేదు.

సంస్థ ఆవిడకు విషయమంతా రాశాను. ఆవిడ ఫోనే చేసింది. మా దేశంలో ఇలాంటి చిక్కు ఉంటుందని తనకు తెలియదంది. పైవాళ్లతో మాట్లాడి, అమ్మాయి సర్టిఫికెట్ సంగతి ఎలాగో నెగ్గుకొస్తానంది. నా ప్రమాణపత్రం ఒక్కటి మాత్రం తప్పదంది. మీరు సంతకం పెట్టి పంపితే మిగతాది నేను చూసుకుంటానంది. గడువు శుక్రవారం.

అంటే మొత్తం వ్యవహారం నా సంతకం దగ్గరకొచ్చి నిలబడింది.

బుధవారం బడికి సెలవు పెట్టి పేట కోర్టు దగ్గరకు వెళ్లాం. గొడుగు కింద బల్ల వేసుకున్న ఒక వకీలు నోటరీ చేస్తాడు. స్టాంపు పేపరు మీద నేనే టైపు చేయించుకున్న ప్రమాణం ఆయన ముందు పెట్టాను. నా సర్టిఫికెట్ జిరాక్సు కూడా పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చదివాడు. మళ్లీ చదివాడు.

“టీచరుగారా తమరు?”

“అవును.”

“గవర్నమెంటే గదా. చూడమ్మా, ఈ కాగితంలో పుట్టుకతో యూదురాలినంటన్నారు. దీంట్లో హిందూ అని ఉంది. ఒకటి అబద్ధమని మీ చేత్తో మీరే రాసిస్తన్నారు. రేపు ఎవరన్నా దీన్ని పట్టుకెళ్లి మీ పైఆఫీసులో ఇస్తే నన్ను అనుకోమాకండి. మీ ఇష్టం, నాకేం, ముద్ర కొడతా.”

పెన్ను తీశాను. అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. మా ఇద్దరి మీదా గొడుగు నీడ సగమే పడుతోంది. నేనొక్కదాన్నే సంపాదించేది, ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది, ఆ ఉద్యోగం పోతే దాని బీఈడీ కూడా ఉండదు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ క్షణంలో నేను వీటిలో ఏదీ ఆలోచించలేదని ఒప్పుకోవాలి. భయమేసింది. మా అమ్మ మండే వేళ్లతో కళ్లు కప్పుకోవడం గుర్తొచ్చింది, అయినా భయమే వేసింది.

“ఎండకు కళ్లు తిరుగుతున్నాయి, రేపొద్దాం,” అన్నాను. నాకు కళ్లు తిరగలేదు.

అమ్మాయి నా మొహంలోకి చూసింది. చూసి, నా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టింది.

“పద పెద్దమ్మా, చెరుకురసం తాగుదాం,” అంది. రసం తాగుతున్నంతసేపూ వాళ్ల కాలేజీలో ఎవరో జారిపడ్డ కథ చెప్పి నన్ను నవ్వించాలని చూసింది. దానికి ఇరవై ఒక్క ఏళ్లు. నన్ను ఓదార్చే పని దాని మీద పెట్టాను.

గురువారం ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం మామూలుగా ఆటో ఎక్కాం. పెదనాన్న అరుగు మీద కూర్చుని మాకోసం చూస్తున్నాడు.

“పంపినావా అమ్మాయ్ కాగితం?”

“లేదు పెదనాన్నా. నా ఉద్యోగానికి చుట్టుకుంటుందన్నారు.”

ఆయన ఏమన్నా అంటాడని, అనాలని నేను ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆయన కాసేపు తడుముకుని చెప్పులు కాళ్లకు తొడుక్కున్నాడు. “పొద్దుపోతంది, దీపాలు ఎలిగించండి,” అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం కూడా చదువుతూ ఒకచోట ఆగి, మళ్లీ అందుకున్నాడు. అందుకున్నది సరైన చోటేనా అని అమ్మాయి మొహంలోకి చూశాను. అది నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. తెలియదు పెద్దమ్మా అని దానర్థం.

సంస్థ ఆవిడ గడువు దాటాక ఒక్క వాక్యం రాసింది, చాలా విచారంగా ఉందని.

మూడు నెలలు గడిచాయి. నేను మర్చిపోయిన ఆ వేరే విభాగం మమ్మల్ని మర్చిపోలేదు. మా కమ్యూనిటీ హాలుకు సాయం మంజూరైందని ఉత్తరమొచ్చింది. ఏ రుజువూ అడగలేదు, కరెంటు బిల్లు చాలింది. ఒక బుధవారం పేట నుంచి ట్రాలీ ఆటోలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇనప బీరువా మా గది ముందు దిగాయి. ఊరు ఊరంతా వచ్చి చూసింది. “శనివారం చర్చోళ్లకు ఫారిన్ కుర్చీలొచ్చినయ్” అన్నారు. బీరువాలో పెట్టడానికి మా దగ్గర ఉన్నది ఆ ఒక్క పుస్తకం.

కుర్చీల్లో అందరూ కూర్చుని ఉండగా ఫొటో తీసి, కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం పంపాలన్నారు. శుక్రవారం ప్రార్థనకు ముందే ఫొటో తీసేద్దామని వరసగా కుర్చీలు వేశాం. ఇన్నేళ్లూ చాపల మీద కూర్చున్నవాళ్లం, మిరపకోతల నుంచి వచ్చిన ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు సర్దుకుని అంచుల మీద బిగుసుకుని కూర్చున్నారు. పెదనాన్న కూడా కూర్చున్నాడు. ఫొటో అయిపోయాక కుర్చీలోనే ప్రార్థన మొదలుపెట్టాడు. పీట మీద ఉన్నప్పుడు పుస్తకం ఆయన కళ్లకు దగ్గరగా ఉండేది. కుర్చీలో ఒళ్లో పెట్టుకుంటే అది ఎక్కడో కింద ఉండిపోయింది. పైకెత్తి చూశాడు, మళ్లీ ఒళ్లోకి దించాడు. ఒక వరస చదివి ఆగిపోయాడు. మేమందరం ఆమెన్ కోసం కాచుకుని ఉన్నాం.

“ఏదే అమ్మాయ్, తర్వాత ఏంది?” అని మనవరాల్ని అడిగాడు.

అమ్మాయి వంగి చూసింది. పెదవులు కదిలాయి. వేలు అక్షరం మీద పెట్టి, తీసి, ఇంకో అక్షరం మీద పెట్టింది. “ఇక్కడిదాకే వచ్చు తాతయ్యా,” అంది.

ఆయన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని, పీట కోసం చేత్తో వెతుక్కున్నాడు. ఎవరో తెచ్చి పెట్టారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఆదివారం పేటలో మా ఇంట్లో ఆ ఉత్తరం రాశాను. మా కమ్యూనిటీ హాల్ తరఫున, మా కమ్యూనిటీ హాల్ పెద్దల తరఫున అని రెండుసార్లు రాయాల్సి వచ్చింది. రెండుసార్లూ స్పెల్లింగు సరిచూసుకున్నాను. కింద పేరు, ఉద్యోగం, సంతకం అని మూడు గీతలున్నాయి. మతం అడగలేదు, నోటరీ అడగలేదు, మా అమ్మ ఎవరని అడగలేదు. పెన్ను మూత తీసి ఒక్క ఊపులో సంతకం పెట్టేశాను. అమ్మాయి ఆ కాగితం తన వైపు లాక్కుని, సిరా చెదరకుండా ఆరేదాకా నోటితో ఊదింది.